కారవాన్‌లో మురుగు ట్యాంకు: ఎక్కడ, ఎవరి చేతులతో ఖాళీ చేస్తారో ముందు తేల్చుకోండి

ట్రావెలర్ వ్యానును కారవాన్‌గా మార్పించుకుంటున్నామనీ, అందులో మరుగుదొడ్డి, వంట సింకు పెట్టిస్తున్నామనీ రాశారు. పైపులు కారకుండా, మురుగు ట్యాంకుతో ఇబ్బంది రాకుండా ఏ జాగ్రత్తలు తీసుకోవాలనీ, కింద బిగించే ట్యాంకు మంచిదా లేక చేత్తో మోసుకుపోయే చిన్న పెట్టె, అంటే కేసెట్, మంచిదా అనీ అడిగారు. నేను విజయనగరం జిల్లాలోని ఒక జూట్ మిల్లులో ముప్పై ఏళ్ళు ఆవిరి పైపులు, నీటి పైపుల మరమ్మతు చూసినవాడిని. 2019 నుంచి సొంత కారవాన్‌లో తిరుగుతున్నాను. పైపుల సంగతి తరువాత చూసుకోవచ్చు. ఆ ట్యాంకును ఎక్కడ, ఎవరి చేతులతో ఖాళీ చేస్తారన్నది ముందు తేల్చుకోండి. అది తేలకుండా తయారైన బండిలో ఎంత ఖరీదైన వాల్వు పెట్టించినా ఇబ్బంది తప్పదని నా గట్టి నమ్మకం.

మేము బండి చేయించింది మా అమ్మ కోసం. ఆవిడకు మోకాళ్ళు వంగవు, నేల మీది దొడ్డిలో కూర్చుంటే లేవలేదు. అందువల్ల ప్రయాణం అనగానే ముందురోజు సాయంత్రం నుంచే మంచినీళ్ళు మానేసేది. ఎండాకాలంలో కూడా పెదవులు తడుపుకొని ఊరుకునేది. మన ప్రాంతంలో బస్సెక్కే పెద్దవయసు ఆడవాళ్ళను అడిగి చూడండి, చాలామంది ఇదే పని చేస్తారు. దారిలో శుభ్రమైన చోటు దొరకదన్న భయంతో ఒక మనిషి దాహాన్ని చంపుకోవడం నాకు చాలా బాధ కలిగించే విషయం. కారవాన్లు అమ్మేవారు టీవీ గురించి, రంగుల లైట్ల గురించి గంటసేపు చెబుతారు కానీ మురుగు ట్యాంకు ఎన్ని లీటర్లో అడిగితే లోపలికి వెళ్ళి కాగితం చూసి వస్తారు.

ఇక అసలు సంగతికి వస్తాను. మా బండిలో మంచినీటి ట్యాంకు 150 లీటర్లు, సింకు నీళ్ళ ట్యాంకు 80 లీటర్లు, మరుగుదొడ్డి ట్యాంకు 60 లీటర్లు. కమోడ్ కిందనే ట్యాంకు, దాని అడుగున మూడంగుళాల లాగుడు వాల్వు ఉంటాయి. మాది పాత పెంకుటిల్లు కాబట్టి ఇంట్లో కమోడ్ లేదు. అందుచేత బండి వచ్చిన తరువాత అమ్మ దానినే వాడుకునేది. పెరట్లో బండి నిలిపి, లావుపాటి గొట్టంతో మా సెప్టిక్ ట్యాంకు చాంబరుకు కలిపాం. ఎప్పటికప్పుడు పోతుంది కదా అని మా అబ్బాయి వాల్వు తెరిచే ఉంచాడు. దాదాపు మూడు వారాలు అలాగే ఉండిపోయింది, నేనూ అభ్యంతరం చెప్పలేదు. మిల్లులో అన్నేళ్ళు పైపులు చూసిన నాకు తట్టవలసిన విషయం తట్టలేదు. వాల్వు తెరిచి ఉంటే నీరు ఏ పూటకాపూట జారిపోతుంది. గట్టి పదార్థం మాత్రం కమోడ్ కింద పడ్డచోటనే ఆగి, పుట్టలా పెరిగి, ఎండి గట్టిపడుతుంది. నీటిలో నానుతూ ఉంటేనే అది కరుగుతుంది, వాల్వు తీసినప్పుడు నీటి బరువు తోస్తేనే బయటికి పోతుంది.

2020 రథసప్తమికి అరసవల్లి వెళ్ళాలని అమ్మ కోరింది. ముందురోజు సాయంత్రం వాల్వు మూసి, గొట్టం విప్పి, తొమ్మిది మందిమి బయలుదేరాం. నాతవలస దగ్గర జాతీయ రహదారి ఎక్కి, రణస్థలం దాటేసరికే ట్యాంకు సగం నిండినట్టు మీటరు చూపించింది. అప్పటికి వాడినది ఇద్దరే. మీటరు చెడిపోయిందని అనుకున్నాం. ఎచ్చెర్ల వచ్చేసరికి లోపల వాసన మొదలైంది. శ్రీకాకుళంలో రద్దీ వల్ల గుడికి చాలా దూరంగానే బండి ఆపవలసి వచ్చింది. మా వాళ్ళంతా ఒకరి తరువాత ఒకరు వాడుకున్నారు. నీళ్ళు పొదుపు చేయమని నేనే చెప్పడం వల్ల అందరూ చిన్న మగ్గుతో సరిపెట్టారు. అర్ధరాత్రి దాటిన తరువాత అమ్మ లేచింది. కమోడ్‌లో పోసిన నీరు కిందికి దిగలేదు. ఆవిడ ఏమీ అనకుండా తలుపు వేసుకొని, తెల్లవారి దర్శనమై బయటికి వచ్చేవరకు బిగబట్టుకొని కూర్చుంది. ఏ ఇబ్బంది పోగొట్టాలని బండి చేయించామో ఆ ఇబ్బందినే ఆ రాత్రి ఆవిడకు మళ్ళీ కలిగించాం.

ఉదయం అక్కడినుంచి శ్రీకూర్మం వైపు ఒక పల్లెలో ఉన్న మా మేనత్త కొడుకు ఇంటికి వెళ్ళాం. బావ సెప్టిక్ ట్యాంకు మూత తీయించాడు. గొట్టం ఒక కొస అందులో పెట్టి, రెండో కొస బండికి తగిలించి వాల్వు లాగాం. ఒక చెంబెడు నల్లటి నీళ్ళు వచ్చి ఆగిపోయాయి. మా అబ్బాయి కమోడ్‌లో నుంచి పైపు ముక్కతో పొడవడం మొదలుపెట్టాడు, నేను పైనుంచి బకెట్ల కొద్దీ నీళ్ళు పోశాను. నాలుగో బకెట్టుకు ఆ గడ్డ ఒక్కసారిగా విడిపోయింది. గొట్టం బిగింపుకు ఉండే రెండు కొక్కేల్లో ఒకటే పడిందని అప్పటివరకు ఎవరూ చూడలేదు. ఆ తోపుకు గొట్టం ఊడిపోయి, ట్యాంకులోనిదంతా వాకిట్లో పరుచుకుంది. గడ్డివాము అడుగు తడిసింది, వంకాయ మడి పాడైంది. నూతికి నాలుగు బారల దూరంలో అది ఆగింది. ఆ నూతినీళ్ళు వాళ్ళు తాగుతారు. ఆ నాలుగు బారలు తలచుకుంటే నాకు ఇప్పటికీ నిద్ర పట్టదు.

బావ ఎవరికో ఫోన్ చేశాడు. కొద్దిసేపటికి ఒక పెద్దాయన వచ్చాడు. వయసు నా అంతే ఉంటుంది. చేతిలో ఒక రేకు డబ్బా, కొబ్బరి తాడు తప్ప కాళ్ళకు చెప్పులు కూడా లేవు. చాంబరులోకి కొంత చెత్త పడిందని, అందులోకి దిగి తీయడానికి లుంగీ పైకి కట్టాడు. వద్దని ఆపాను. "మీకెందుకు బాబూ ఈ పని, నాను సేసేత్తాను గదా" అన్నాడు. ఆయనను అరుగు మీద కూర్చోబెట్టి, టీ ఇప్పించి, వచ్చినందుకు రోజు కూలీ ఇచ్చాం. వాకిలంతా నేనూ మా అబ్బాయీ పారలతో ఎత్తి, గొయ్యి తీసి, నూతికి దూరంగా పూడ్చాం. బావకు నా మీద కోపం వచ్చింది, ఊళ్ళో పరువు పోయిందన్నాడు. మా కుటుంబం విసర్జించినదాన్ని ఎత్తడానికి ఇంకొకరి చేతులను పిలవడమే పరువు తక్కువ అని నేను ఆయనతో చెప్పాను.

నేను దీని గురించి ఇంత చెప్పడానికి కారణం ఉంది. చేతులతో మలం ఎత్తించడాన్ని నిషేధిస్తూ 1993లో ఒక చట్టం, 2013లో ఇంకా గట్టి చట్టం వచ్చాయి. రక్షణ సామగ్రి లేకుండా మనిషిని సెప్టిక్ ట్యాంకులో దించి శుభ్రం చేయించడం నేరం. అలా చనిపోయినవారి కుటుంబాలకు 10 లక్షల రూపాయలు ఇవ్వాలని 2014లో చెప్పిన సుప్రీంకోర్టు 2023లో ఆ మొత్తాన్ని 30 లక్షలకు పెంచింది. మూసి ఉన్న ట్యాంకులో పుట్టే హైడ్రోజన్ సల్ఫైడ్ గాలి కంటే బరువైన విషవాయువు కాబట్టి అడుగున నిలుస్తుంది. మోతాదు ఎక్కువైతే ముక్కుకు వాసన తెలియడమే ఆగిపోతుంది, అందుకే దిగినవారికి ప్రమాదం తెలియదు. ఆ పెద్దాయన ఆ రోజు దిగి ఉంటే ఏమయ్యేదో నాకు తెలుసు. కారవాన్ కొనేవారందరూ ఈ విషయం తెలుసుకొని తీరాలి. బండిలో సౌకర్యం మనది, దాని పని కూడా మనదే కావాలి.

ఇంకొక ప్రమాదం కూడా ఆ రోజే తప్పిపోయింది. వాకిలి అంతా బ్లీచింగ్ పౌడరు చల్లిన తరువాత, వాసన పోలేదని మా అక్కయ్య బాత్రూము కడిగే యాసిడ్ తెచ్చి దాని మీద పోసింది. క్షణంలో కళ్ళు మండి, గొంతు పట్టేసి అందరం దూరంగా పరుగెత్తాం. బ్లీచింగ్, యాసిడ్ కలిస్తే క్లోరిన్ వాయువు పుడుతుంది. ఇంటి వాకిలి కాబట్టి గాలికి పోయింది, బండి లోపల మూసిన గదిలో అయితే ప్రాణం మీదికి వచ్చేది. మురుగు ట్యాంకులో బ్లీచింగ్ అసలు పోయవద్దు. వాసన పోవడానికి అమ్మే ఫార్మాల్డిహైడ్ మందులూ వద్దు. అవి చివరికి చేరేది ఎవరో ఒకరి సెప్టిక్ ట్యాంకుకే. అక్కడ మలాన్ని కుళ్ళబెట్టి కరిగించే సూక్ష్మజీవులు వాటితో చచ్చిపోతాయి.

బండి తయారుచేసిన పెద్ద ఊరి వర్క్‌షాపువారు ఫోన్ ఎత్తలేదు. చివరికి సాలూరు తీసుకుపోయాం. 2022 నుంచి అది పార్వతీపురం మన్యం జిల్లాలో ఉంది, అప్పటికి మా జిల్లాదే. లారీలకు బాడీలు కట్టే ఊరు కాబట్టి కుదుపులకు ఏ బిగింపు నిలుస్తుందో అక్కడి పనివారికి చేతివేళ్ళలోనే తెలుసు. మేస్త్రీ బండి కింద పడుకొని అరగంట చూశాడు. ట్యాంకు నుంచి వాల్వు దాకా పైపు సమమట్టంగా ఉంది, అడుగుకు పావంగుళం వాలు ఉండాలి. గాలి గొట్టాన్ని కప్పు పైకి తీయకుండా ప్లైవుడ్ వెనుకనే వదిలేశారు, వాసనంతా గోడల మధ్య తిరుగుతోంది. రెండూ సరిచేసి, గొట్టం తగిలించేచోట ఒక పారదర్శకమైన వంపు ముక్క పెట్టాడు, లోపల ఏం పోతున్నదో కంటికి కనబడుతుంది. గడ్డ మిగిలిన ట్యాంకును ముప్పావు వంతు నీటితో, గిన్నెలు తోమే సబ్బుతో నింపి, మూడు రోజులు నానబెట్టి, మధ్యలో బండి నడిపించి, మా ఇంటి చాంబరులోనే రెండుసార్లు ఖాళీ చేయమన్నాడు. మరిగే నీళ్ళు పోద్దామా అని అడిగితే పీవీసీ మెత్తబడిపోతుందని ఆపాడు. "నీళ్ళుంటేనే గదా బాబూ పారతాది" అన్నాడు. నీళ్ళు పొదుపు చేయమని నేను అందరికీ చెప్పిన మాట ఎంత తప్పో ఆ ఒక్క మాటతో నాకు అర్థమైంది.

అప్పటినుంచి మా పద్ధతి ఇది. ఖాళీ చేసిన వెంటనే ట్యాంకులో పది లీటర్ల నీరు పోసి ఉంచుతాం. ఇంటి దగ్గర ఉన్నా, గొట్టం తగిలించి ఉన్నా వాల్వు మూసే ఉంటుంది. మలవిసర్జన తరువాత కనీసం మూడు లీటర్లు పోయాలి. మీటరును నమ్మము, మట్టం కొలిచే దాని సూదులకు ట్యాంకు లోపల పొర పట్టి అబద్ధం చెబుతుంది. వాడినప్పుడల్లా తలుపు పక్కన సుద్దముక్కతో ఒక గీత గీస్తాం, పదహారు గీతలైతే ట్యాంకు నిండినట్టే. మనం నీటితో కడుక్కునేవాళ్ళం కాబట్టి కాగితం లోపల వేయవలసిన అవసరమే లేదు, తడి రుమాళ్ళు అసలు వేయకూడదు. ఖాళీ చేసేటప్పుడు ముందు మరుగుదొడ్డి ట్యాంకు, తరువాత సింకు ట్యాంకు తీస్తే ఆ నీళ్ళతో గొట్టం కడుక్కుపోతుంది. గొట్టం రెండు కొక్కేలూ చేత్తో లాగి చూడనిదే వాల్వు ముట్టుకోము.

మంచినీటి వైపు చెప్పవలసింది తక్కువే. బండి నడుస్తున్నంతసేపు నీటి పంపు స్విచ్ ఆపి ఉంచండి, లేకపోతే ఒక జాయింటు విడిపోయినా 150 లీటర్లూ మీ పరుపుల కిందికే పోతాయి. కుళాయిలన్నీ మూసి ఉండగా పంపు మోగితే ఎక్కడో కారుతున్నట్టు లెక్క. అటూ ఇటూ కదలని గట్టి సీపీవీసీ పైపు కుదుపులకు పగులుతుంది, వంగే గొట్టాలు వేయించి దగ్గరదగ్గరగా క్లాంపులు కొట్టించండి. మన డాబాల మీది ట్యాంకు నుంచి వచ్చే ఒత్తిడి ప్రతి మీటరు ఎత్తుకు 0.1 బార్ మాత్రమే కాబట్టి భయం లేదు. నేరుగా బోరు మోటారుకు తగిలిస్తే మాత్రం జాయింట్లు పగులుతాయి. ఇంగ్లీషు వీడియోలు చూసి పైపుల్లో నీరు గడ్డకట్టకుండా మందులు కొనేవారిని చూశాను. మన బండికి శత్రువు మే నెల ఎండ. చాలా రోజులు ఊరికే నిలిపితే సింకు కింది పైపు వంపులో వాసనను ఆపే నీరు ఆవిరైపోయి వాసన లోపలికి వస్తుంది, బయలుదేరేముందు ఒక చెంబు నీళ్ళు పోస్తే చాలు. సింకులో గంజి, ఆవకాయ నూనె పోయకండి.

విదేశాల్లో కారవాన్లు ఆపే చోట మురుగు ఖాళీ చేసే గుంతలు కట్టి ఉంటాయి. ఇక్కడి రహదారుల్లో నాకు అవి ఎక్కడా కనబడలేదు. రాత్రివేళ వంతెన మీద ఆపి కాలువలోకి వదిలేసే పని మాత్రం చేయకండి, కింద ఎవరో నీళ్ళు ముంచుకుంటారు. బయలుదేరేముందే దారిలో చుట్టాల ఇల్లో, అనుమతి ఇచ్చే లాడ్జీయో రెండు చోట్ల మాట్లాడి పెట్టుకోండి. మీ బండి ఇంకా తయారీలోనే ఉంది కనుక కేసెట్టే పెట్టించుకోండి. 20 లీటర్లకు అటూ ఇటూ ఉండే ఆ పెట్టెను ఇంటి యజమాని స్వయంగా మోసుకెళ్ళి ఏ మరుగుదొడ్డిలోనైనా పోయగలడు, మరొకరిని పిలవవలసిన పని రాదు. నలుగురికి మించితే రెండో పెట్టె అదనంగా కొనండి.

మాది బిగించిన ట్యాంకే కాబట్టి ఆ పని నేనూ మా అబ్బాయీ వంతులు వేసుకొని చేస్తాం. అమ్మ ఇప్పుడు బయలుదేరే రోజు సాయంత్రం కూడా రెండు గ్లాసుల మజ్జిగ తాగుతుంది.