స్కాండినేవియన్ క్రైమ్ కథల్లో ఆ నెమ్మదే అసలు బలం

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇదీ: స్కాండినేవియన్ క్రైమ్ నవలలు, సీరీస్ అంటే అందరూ తెగ మెచ్చుకుంటున్నారు, మీకు మాత్రం మొదలుపెట్టిన ఒకటి రెండూ నత్తనడకలా అనిపించాయి. ఎప్పుడు చూసినా చీకటి, మంచు, నవ్వని పోలీసులు. అసలు వీటిలో ఏముంది, దేనితో మొదలుపెడితే రుచి తెలుస్తుంది అని అడిగారు.

నేను కొన్నేళ్లుగా స్వీడన్ దక్షిణ కొసన మాల్మోలో ఉంటున్నాను. నవలలు ఇంగ్లీషు అనువాదంలో, సీరీస్ సబ్‌టైటిల్స్‌తో చాలానే చదివాను, చూశాను. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. మంచివాటిలో ఆ నెమ్మదికి కారణం ఉంది. ఒక హత్య జరిగాక మిగిలినవాళ్లు ఎలా బతుకుతారో చెప్పడానికి వాళ్లకు అంత సమయం కావాలి. ఆ కారణం లేకుండా నెమ్మదిగా ఉండేవి కూడా బోలెడున్నాయి. వాటిని మీరు మొహమాటం లేకుండా వదిలేయొచ్చు.

ఉదాహరణకి ‘ద కిల్లింగ్’ అసలు డేనిష్ సీరీస్ మొదటి సీజన్ తీసుకుందాం. 2007లో డెన్మార్క్ ప్రభుత్వ టీవీలో వచ్చింది. కోపెన్‌హాగెన్‌లో నన్నా అనే అమ్మాయి హత్య, ఇరవై ఎపిసోడ్లు, ఒక్కో ఎపిసోడ్ దర్యాప్తులో ఒక్కో రోజు. మొదటి ఎపిసోడ్ చివర్లో పోలీసులు నీళ్లలోంచి ఒక కారును పైకి లాగుతుంటారు. విషయం తెలియని తండ్రి టైస్ కూతుర్ని వెతుక్కుంటూ అక్కడికే వస్తాడు. ఫోన్లో అవతల భార్య పెర్నిల్ లైన్లోనే ఉంటుంది. అతను కేక పెడతాడు. ఎవరూ ఏమీ చెప్పక్కర్లేకుండానే, ఫోన్లో వినిపించే ఆ కేకతోనే తల్లికి తెలిసిపోతుంది. మామూలు సినిమాలో అయితే అక్కడి నుంచి కథ పోలీసులతో పరుగెత్తేది, తల్లిదండ్రులు మళ్లీ క్లైమాక్స్‌లో కనిపించేవాళ్లు. ఇక్కడ మనం ప్రతి ఎపిసోడ్‌లోనూ ఆ ఇంటికి తిరిగి వెళ్తాం. చిన్న పిల్లలిద్దరికీ అక్క సంగతి ఎలా చెప్పాలి? అంత్యక్రియలకు ఏ పువ్వులు పెట్టాలి? సామాన్లు తరలించే వాళ్ల వ్యాపారం రేపటి నుంచి నడవాలా వద్దా? మన ఇళ్లల్లో ఎవరైనా పోతే పెద్దకర్మ దాకా వచ్చిపోయే జనం, ఎవరూ తినని భోజనాలు, మాట్లాడబోయి ఆగిపోయే గొంతులు ఎలా ఉంటాయో ఆ ఇల్లు అలాగే ఉంటుంది. ఆ రోజుల బరువు తెలిసినవాళ్లకు ఈ ఇరవై ఎపిసోడ్లు ఎక్కువ అనిపించవు. సారా లుండ్ అనే పోలీసు అధికారిణి, ఆమె వేసుకునే ఫారో దీవుల అల్లిక స్వెటర్ లోకమంతా పేరు తెచ్చుకున్నాయి, ఆ పాత్ర చేసిన సోఫీ గ్రోబోల్ నటనకు తిరుగులేదు. కానీ నా మనసులో నిలిచిపోయింది మాత్రం పెర్నిల్.

ఇక నవలలు. ఈ ధోరణికి పునాది వేసింది మాయ్ షోవాల్, పేర్ వాలో అనే జంట. 1965 నుంచి 1975 దాకా మార్టిన్ బెక్ అనే స్టాక్‌హోమ్ పోలీసు మీద పది నవలలు రాశారు. పిల్లల్ని పడుకోబెట్టాక ఇద్దరూ కూర్చుని చెరో అధ్యాయం రాసేవాళ్లట. మొదటిది ‘రోజానా’. గోటా కాలువలో పూడిక తీస్తుంటే ఒక ఆడమనిషి శవం బయటపడుతుంది. ఆమె ఎవరో తెలియడానికే నెలలు పడుతుంది. తెలిశాక కూడా చేతిలో ఉన్నది ఆమె ఎక్కిన పడవలో ప్రయాణించిన టూరిస్టులు తీసుకున్న ఫొటోలు, ఫిల్ములు మాత్రమే. వాటిని ఒక్కొక్కటిగా తెప్పించుకుని, ఏ మూలనో నిలబడ్డ ఆమె కోసం వెతుకుతారు. రోజుల తరబడి ఏ కబురూ ఉండదు. ఉత్తరాలకు జవాబులు రావు. బెక్‌కి జలుబు, కడుపు నొప్పి, ఇంట్లో భార్యతో మాటలు అంతంతమాత్రం.

నేను గుంటూరులో అద్దె పుస్తకాల షాపు నుంచి కొమ్మూరి సాంబశివరావు గారి నవలలు తెచ్చుకుని చదివిన మనిషిని. డిటెక్టివ్ యుగంధర్ వచ్చాడంటే ఇక ఫర్వాలేదు అనే ధైర్యం ఉండేది, ఆ ధైర్యం కోసమే చదివేవాళ్లం. ఇప్పటికీ ఆ నవలలంటే నాకు అభిమానమే. బెక్ దగ్గర ఆ ధైర్యం దొరకదు. అతను గొప్ప తెలివైనవాడేమీ కాదు, ఓపికమంతుడు. నిజమైన పోలీసు పని చాలావరకు ఎదురుచూడటమే అని నమ్మించిన మొదటి రచన నాకు ఇదే. మీకు నెమ్మది అనిపించింది బహుశా ఇక్కడే. అద్భుతమైన ఆలోచన ఎప్పుడు తడుతుందా అని చూస్తే నిరాశ తప్పదు. ఈ మనిషి ఇంకెంత కాలం వదలకుండా ఉంటాడు అని చూడండి, పేజీలు వాటంతటవే తిరుగుతాయి.

ఆ జంట ఇద్దరూ గట్టి వామపక్షవాదులు. పుట్టిన దగ్గర్నుంచి పోయేదాకా ప్రభుత్వమే చూసుకుంటుందన్న స్వీడన్ నమ్మకం కింద ఎవరెవరు నలిగిపోతున్నారో చూపించాలనే పది నవలలకూ కలిపి ‘ఒక నేరం కథ’ అని పేరు పెట్టారు. చివరి నవలలో ప్రధానమంత్రిని చంపేస్తారు. అది వచ్చిన పదకొండేళ్లకు, 1986 ఫిబ్రవరి 28 రాత్రి, భార్యతో సినిమా చూసి నడిచి వెళ్తున్న ప్రధాని ఊలోఫ్ పాల్మెను నిజంగానే స్టాక్‌హోమ్ నడివీధిలో కాల్చి చంపారు. ఆ కేసును 2020లో మూసేశారు, అప్పుడు పేరు చెప్పిన అనుమానితుడు అప్పటికే చనిపోయాడు కాబట్టి అతని మీద విచారణ జరగలేదు. మా పక్కింటి పెద్దావిడ ఆ రాత్రి గురించి ఇప్పటికీ నిన్న జరిగినట్టే చెబుతుంది. ఈ దేశంలో ప్రతి క్రైమ్ నవల వెనకా ఆ తేలని కేసు ఉందని నాకు అనిపిస్తుంది.

వాలండర్ అనే పోలీసు అధికారి మీద హెన్నింగ్ మాంకెల్ రాసిన నవలలు నాకు ఇంకా దగ్గర. అవి జరిగే యూస్టాడ్ మా ఊరి నుంచి ట్రైన్లో గంటలోపే. ఇరవై వేలకు అటూ ఇటూగా జనం ఉన్న సముద్రపు ఒడ్డు ఊరు. సెయింట్ మేరీ చర్చి గోపురం మీద కావలివాడు రాత్రి తొమ్మిదింపావు నుంచి ఒంటిగంట దాకా పావుగంటకోసారి కొమ్ము ఊదుతాడు, ఊరంతా క్షేమం అని. ఆ కొమ్ము నేను విన్నాను. వాలండర్ ఉండే మారియాగాటన్ వీధిలో నడిచాను. ఇంత ప్రశాంతమైన చోట ఇన్ని హత్యలు కల్పించిన మనిషి మీద మొదట కోపం లాంటిది కూడా వచ్చింది. కానీ మొదటి నవల 1991లో వచ్చిన ‘ఫేస్‌లెస్ కిల్లర్స్’ చదివితే ఎందుకో తెలుస్తుంది. పల్లెలో ఒక ముసలి రైతు దంపతుల మీద దాడి జరుగుతుంది. చంపినవాళ్లు విదేశీయులు కావచ్చన్న మాట పోలీసుల నుంచి బయటికి పొక్కుతుంది. అంతే, హత్య ఎవరు చేశారో తేలకముందే శరణార్థుల శిబిరానికి నిప్పు పెడతారు. వాలండర్ ఇక రెండు కేసుల మధ్య నలుగుతాడు. అతని మనసులో కూడా పరాయివాళ్ల మీద కాస్త అనుమానం ఉంది, దాన్ని మాంకెల్ దాచలేదు. పరాయి దేశంలో ఉద్యోగం చేసుకుంటూ పిల్లల్ని బడికి పంపుకుంటున్న నాకు ఆ పేజీలు చదువుతుంటే కలిగిన టెన్షన్ హంతకుడి వల్ల వచ్చింది కాదు. ‘వీళ్లలో ఒకడే అయ్యుంటాడు’ అన్న మాట ఎంత త్వరగా పాకుతుందో చూసి వచ్చింది. దానికి మన దేశమైనా ఒకటే, ఈ దేశమైనా ఒకటే.

వాలండర్ తండ్రిని కూడా మర్చిపోలేను. జీవితాంతం ఒకే ప్రకృతి దృశ్యం గీస్తూ ఉంటాడు, కొన్నింటిలో ఒక అడవికోడి ఉంటుంది, కొన్నింటిలో ఉండదు. కొడుకు పోలీసైనందుకు ఎప్పుడూ సణుగుడే. ఆ తండ్రికి మతిమరుపు మొదలయ్యాక వచ్చే సన్నివేశాలు చదువుతుంటే హత్య సంగతి పక్కకు పోతుంది.

‘ద బ్రిడ్జ్’ సీరీస్ గురించి కూడా అందరూ చెబుతారు. స్వీడన్, డెన్మార్క్‌లను కలిపే ఓరెసున్ వంతెన మీద, సరిగ్గా సరిహద్దు గీత మీద శవం. రెండు దేశాల పోలీసులూ కలిసి పనిచేయాలి. ఆ వంతెన మీద పైన కార్లు, కింద ట్రైన్లు పోతాయి. నేను ఆ ట్రైన్ ఎక్కినప్పుడల్లా గుర్తొస్తుంది. సాగా నొరేన్ అనే స్వీడిష్ పోలీసు అధికారిణి పాత్ర కోసం తప్పక చూడండి, మనసులో ఉన్నది ఉన్నట్టు మొహం మీదే చెప్పే ఆ మనిషి మెల్లగా మనవాళ్లలో ఒకరైపోతుంది. హంతకుడి పథకం మాత్రం నాకు నచ్చలేదు. అంత పకడ్బందీగా, ఏళ్ల తరబడి ఎవరూ ప్లాన్ చేయరు. ఆ విజయం తర్వాత వచ్చిన చాలా సీరీస్ ఇలాంటి వింత హత్యల పోటీలో పడ్డాయి, ఆడవాళ్ల శవాలను అలంకరించి చూపించడం ఎక్కువైంది. ఇంగ్లీషులో ‘ద గర్ల్ విత్ ద డ్రాగన్ టాటూ’గా వచ్చిన స్టీగ్ లార్సన్ మొదటి నవలకు స్వీడిష్‌లో పెట్టిన పేరే ‘ఆడవాళ్లను ద్వేషించే మగవాళ్లు’. ఆయన కోపం నిజాయితీగలది. ఆయన్ని అనుకరించినవాళ్లలో ఆ కోపం లేదు, హింస మాత్రమే మిగిలింది. మీకు నచ్చనివి ఇలాంటివే అయితే మీ అభిరుచిలో లోపమేమీ లేదు.

ఐస్‌లాండ్ నుంచి, ఎర్లెండుర్ అనే పోలీసు మీద ఆర్నల్దుర్ ఇంద్రిదాసన్ రాసిన నవలలు చిన్నవి, బాగుంటాయి. నార్వేలో అయితే ఈస్టర్ సెలవులకు జనం కొండల్లో క్యాబిన్లకు క్రైమ్ నవలలు పట్టుకెళ్లడం వందేళ్ల నాటి ఆనవాయితీ, ఆ వారం పాల ప్యాకెట్ల మీద కూడా చిన్న మిస్టరీ కథలు అచ్చు వేస్తారు.

మీకు నా సలహా: ముందు ‘రోజానా’ చదవండి, చిన్న పుస్తకమే. అది నచ్చితే ‘ఫేస్‌లెస్ కిల్లర్స్’. సీరీస్ కావాలంటే ‘ద కిల్లింగ్’ మొదటి సీజన్, అదీ అమెరికన్ రీమేక్ కాకుండా డేనిష్‌ది, సబ్‌టైటిల్స్‌తో. డబ్బింగ్ వద్దు, ఆ తల్లిదండ్రుల గొంతులు పోతాయి. ఒక్క రాత్రిలో ఐదారు ఎపిసోడ్లు చూసేయకుండా రోజుకొకటి చూడండి. వాళ్లకు అది ఇరవై రోజుల కథ, మీకూ ఇరవై రోజులు పట్టనివ్వండి.