అమ్మ పేరు ఇద్దరి రిటర్న్‌లలో ఉంటే

ప్రశ్న: మేము డాలస్‌లో ఉంటాము. గ్రీన్ కార్డు ఉన్న మా అమ్మ 2025లో ఎనిమిది నెలలు మా దగ్గర, నాలుగు నెలలు అట్లాంటాలో తమ్ముడి దగ్గర ఉన్నారు. ఆమెను డిపెండెంట్‌గా (నా మీద ఆధారపడిన వ్యక్తిగా) చూపి ఆన్‌లైన్‌లో ఈ-ఫైల్ చేస్తే నా పన్ను రిటర్న్ తిరస్కరించారు. తమ్ముడు అప్పటికే చూపించేశాడట. ఏం చేయాలి?

జవాబు: మీ తమ్ముడిదే న్యాయమని అమెరికా పన్నుల శాఖ ఐఆర్ఎస్ తేల్చిందని దయచేసి అనుకోకండి. మీ అమ్మగారి సోషల్ సెక్యూరిటీ నంబరు అంతకుముందే ఒక రిటర్న్‌లో నమోదై ఉంది కాబట్టి కంప్యూటర్ మీదాన్ని వెనక్కి పంపింది, అంతే.

తమ్ముడికి ఫోన్ చేసే ముందు మీ అమ్మగారి ఆదాయం చూడండి. 2025లో ఆమె స్థూల ఆదాయం 5,200 డాలర్లకు తక్కువగా ఉంటేనే ఆమె ఎవరికైనా డిపెండెంట్ అవుతారు. మన కుటుంబాలు పొరపాటు పడేది ఇక్కడే. గ్రీన్ కార్డు ఉన్నవారికి ఇండియాలో బ్యాంకు డిపాజిట్ల మీద వచ్చే వడ్డీ కూడా ఈ లెక్కలోకి వస్తుంది. ఊళ్ళో ఇల్లు అద్దెకిచ్చి ఉంటే మరమ్మతులు, ఇంటి పన్ను తీసేయకముందు చేతికొచ్చిన అద్దె మొత్తాన్నీ కలపాలి. పరిమితి దాటితే ఆమె పేరు ఇద్దరి రిటర్న్‌లలోనూ ఉండకూడదు.

ఆదాయం పరిమితిలోనే ఉంటే, ఎనిమిది నెలలా నాలుగు నెలలా అన్నది నిర్ణయించదు. పిల్లల విషయంలో నివాసం ముఖ్యం గానీ, తల్లిదండ్రుల విషయంలో ఏడాది పోషణలో సగానికి మించి భరించినది ఎవరన్నదే ప్రశ్న. ఒక కాగితం మీద మూడు గళ్ళు గీసి మీది, తమ్ముడిది, అమ్మగారి సొంత డబ్బు అని రాసుకోండి. ఆమె ఉన్న గదికి బయట ఎంత అద్దె పలుకుతుందో అది, తిండి, బట్టలు, మందులు, ఆరోగ్య బీమా ప్రీమియం అన్నీ వేయండి. నాలుగు నెలలే ఉంచుకున్నా, ఏడాది పొడవునా బీమా, ఆసుపత్రి బిల్లులు కట్టింది తమ్ముడైతే ఆ గడే బరువు తూగవచ్చు.

మీ గడి సగం దాటితే ఆ కాగితాన్ని తమ్ముడికి పంపండి. ఆయన ఫారం 1040-ఎక్స్‌తో రిటర్న్ సవరించుకుని, అమ్మగారి పేరు మీద పొందిన 500 డాలర్ల క్రెడిట్ (పన్ను తగ్గింపు) తిరిగి కట్టాలి; జార్జియా రాష్ట్ర రిటర్న్‌ను కూడా సరిచేయాలి. తెలియక జరిగిన ఇలాంటి తప్పును ఏప్రిల్ 15 లోపు సరిదిద్దుకుని బాకీ కట్టేస్తే వడ్డీ కూడా పడదు. ఆ మొత్తం కోసం అన్నదమ్ముల మధ్య మాటలు ఆగిపోకూడదని నా మనవి.

ఆయన సవరించేదాకా మీరు ఆగనక్కర్లేదు. ఐఆర్ఎస్ వెబ్‌సైట్‌లోని మీ ఖాతా నుంచి ఆరంకెల ఐపీ పిన్ (ఫైల్ చేస్తున్నది మీరేనని చూపే రహస్య సంఖ్య) తీసుకుని దానితో ఫైల్ చేస్తే, అమ్మగారి పేరు మరో రిటర్న్‌లో ఉన్నా ఇప్పుడు ఈ-ఫైల్ స్వీకరిస్తున్నారు. కాగితం మీద కూడా పంపవచ్చు. ఇద్దరూ పట్టు విడవకపోతే అదే వ్యక్తిని మరొకరు కూడా చూపారని చెప్పే సీపీ87ఏ నోటీసు ఇద్దరికీ రావచ్చు, ఆ తర్వాత ఆడిట్ జరగవచ్చు. అందుకే రసీదులు దాచండి.

ఇద్దరిలో ఎవరి వాటా సగం దాటకపోయినా, కలిపి సగం దాటితే, పదో వంతుకు మించి భరించిన మీలో ఒకరు మరొకరి సంతకంతో అంగీకారపత్రం తీసుకుని ఫారం 2120 (పలువురు కలిసి పోషించారనే ప్రకటన) జతచేసి ఆమెను చూపవచ్చు. ఈ ఏడాది మీరు, వచ్చే ఏడాది తమ్ముడు అనుకున్నా చట్టం ఒప్పుకుంటుంది.