పాత టర్బో డీజిల్‌కు ఇంటర్‌కూలర్

ప్రశ్న: మా పాత జీపు టర్బో డీజిల్. ఇంటర్‌కూలర్ లేదు. బిగించుకుంటే ఘాట్ రోడ్డులో లాగుడు పెరుగుతుందా? పని ఇంట్లోనే అవుతుందా? – ఒక పాఠకుడు, పాడేరు

జవాబు: ఇంట్లోనే అవుతుంది. టర్బో గాలిని నొక్కి ఇంజిన్‌లోకి పంపుతుంది; ఆ గాలిని మధ్యలో చల్లబరిచేదే ఇంటర్‌కూలర్. 35 డిగ్రీల గాలిని టర్బో 0.7 బార్ ఒత్తిడికి నొక్కితే అది దాదాపు 110 డిగ్రీలకు వేడెక్కుతుంది. మోస్తరు ఇంటర్‌కూలర్ దాన్ని 65కు దించినా గాలి సాంద్రత పది శాతం పైగా పెరుగుతుంది. నల్లపొగ తగ్గుతుంది. లాగుడులో మాత్రం పెద్ద తేడా ఆశించకండి, డీజిల్ పంపును అలాగే వదిలేస్తాం కాబట్టి.

పాతది కొంటే లోపల వేలు పెట్టి చూడండి. నూనెతో పాటు మెరిసే లోహపు రజను అంటితే అది టర్బో విరిగిన బండిది; ఎంత కడిగినా పూర్తిగా పోదు, వద్దనండి. రేడియేటర్ ముందు రెండు సెంటీమీటర్ల సందు ఉంచి, రబ్బరు బుష్‌ల మీద బిగించండి. పైపుల చివర ఉబ్బెత్తు అంచు తప్పనిసరి. నున్నటి పైపు మీద గొట్టం ఎక్కిస్తే సరిగ్గా ఎత్తు ఎక్కేటప్పుడే ఊడిపోతుంది. ఇంజిన్ ఊగుతుంది కనుక రెండు వైపులా సిలికాన్ గొట్టాలే వాడండి, క్లిప్పులు టీ-బోల్టువి.

డీజిల్ పంపుకు బూస్ట్ పైపు (టర్బో ఒత్తిడిని పంపుకు అందించే సన్నగొట్టం) ఉంటే దాన్ని మానిఫోల్డ్ (గాలిని సిలిండర్లకు పంచే భాగం) దగ్గరే ఉంచండి. చివరగా పైపుల్లోకి ఒక బార్ గాలి పట్టి, ప్రతి అతుకు మీదా సబ్బునీళ్లు రాయండి. బుడగ వస్తే మళ్లీ బిగించాల్సిందే. మొదటి వారం రేడియేటర్ వేడి గమనిస్తూ నడపండి.