శాసనసభ ఎలా పనిచేస్తుందో తెలియాలంటే ఒక ప్రశ్న వెంట వెళ్లి చూడండి

బాబూ, మీరు అడిగినవి మూడు. స్పీకరు, డిప్యూటీ స్పీకరు, విప్‌లు, కమిటీలు అని పుస్తకంలో ఎంత చదివినా బుర్రకెక్కడం లేదు, ఎవరి పని ఏమిటి అన్నది ఒకటి. మన శ్రీకాకుళం, విజయనగరం వైపు ఊళ్ల సమస్య అసెంబ్లీ దాకా వెళ్తే నిజంగా ఏమైనా జరుగుతుందా, లేక టీవీలో చూపించే గొడవేనా అన్నది రెండోది. సభ రద్దయితే స్పీకరు పదవి కూడా పోతుందా అన్నది మూడోది. మీరు రాజాంలో కూర్చుని గ్రూప్స్‌కి చదువుతున్నారు కాబట్టి పరీక్షకు పనికొచ్చేవి కూడా కలిపి చెప్తాను.

నేను శ్రీకాకుళం జిల్లాలో ఒక ఇంజనీరింగ్ ఆఫీసులో జూనియర్ అసిస్టెంటుగా చేరి సూపరింటెండెంటుగా రిటైరయ్యాను. సభలో అడుగు పెట్టినవాణ్ని కాదు. అక్కడి నుంచి వచ్చే ప్రశ్నలకు జవాబులు తయారుచేసే సీటు మాత్రం చాలాకాలం చూశాను. శాసనసభ నాకు అర్థమైంది ఆ కాగితాల వల్లే.

ముందు మనుషుల లెక్క. రాష్ట్ర విభజన తర్వాత మన శాసనసభలో 175 మంది. 29 ఎస్సీలకు, 7 ఎస్టీలకు రిజర్వు. ఆ ఏడింటిలో మూడు మన దగ్గరే ఉన్నాయి: పాలకొండ, కురుపాం, సాలూరు. ఉమ్మడి శ్రీకాకుళం 10, ఉమ్మడి విజయనగరం 9, మొత్తం 19 నియోజకవర్గాలు. 2022లో జిల్లాలు విడగొట్టాక మీ రాజాం విజయనగరం జిల్లాలోకి వెళ్లింది, నాలుగు నియోజకవర్గాలు పార్వతీపురం మన్యంలోకి వెళ్లాయి. నియోజకవర్గాల సరిహద్దులు మాత్రం మారలేదు. ఇది పరీక్షలో తికమక పెట్టే చోటు, గుర్తుపెట్టుకోండి. ఆంగ్లో ఇండియన్ నామినేషన్ 104వ సవరణతో 2020లో ఆగిపోయింది. కోరం అంటే సభ నడవడానికి ఉండాల్సిన కనీస సంఖ్య: పది మంది లేదా పదో వంతు, ఏది ఎక్కువైతే అది. అంటే మనకు 18. మంత్రివర్గం సభ్యుల సంఖ్యలో 15 శాతం దాటకూడదు కాబట్టి ముఖ్యమంత్రితో కలిపి 26.

సభకు అధిపతి స్పీకరు. ఆయన లేనప్పుడు డిప్యూటీ స్పీకరు, ఇద్దరూ లేకపోతే ప్యానెల్ స్పీకర్లలో ఒకరు కుర్చీలో కూర్చుంటారు. స్పీకరు మామూలుగా ఓటు వేయరు. ఇరువైపులా సమానంగా వస్తేనే వేస్తారు. ఏది ద్రవ్య బిల్లో, అంటే పన్నులు, ఖర్చుల బిల్లో, తేల్చేది ఆయనే. ఫిరాయించిన సభ్యుడి మీద అనర్హత వేటు వేయాలా వద్దా అని నిర్ణయించేది కూడా రాజ్యాంగం పదో షెడ్యూలు (ఫిరాయింపుల నిరోధం) ప్రకారం ఆయనే. రాజీనామా చేయాలనుకుంటే గవర్నరుకు కాదు, డిప్యూటీ స్పీకరుకు ఇవ్వాలి. ఈ చివరి ముక్క బిట్‌గా వస్తూనే ఉంటుంది.

ఈ కుర్చీకి మన ప్రాంతంతో దగ్గరి సంబంధం ఉంది, ఆ మాట చెప్పకుండా ఉండలేను. 1983లో తంగి సత్యనారాయణ, 1999లో కావలి ప్రతిభా భారతి, 2019లో తమ్మినేని సీతారాం, ముగ్గురూ శ్రీకాకుళం జిల్లా వాళ్లే. ప్రతిభా భారతి మన రాష్ట్రానికి తొలి మహిళా స్పీకరు. విజయనగరం ఎమ్మెల్యేగా ఉన్న కోలగట్ల వీరభద్రస్వామి 2022లో డిప్యూటీ స్పీకరయ్యారు. వెనకబడిన జిల్లాలు అనిపించుకునే చోటు నుంచి ఇంతమంది ఆ కుర్చీ దాకా వెళ్లారని మన పిల్లలకు తెలియాలి.

ఇక పార్టీల వైపు. ముఖ్యమంత్రి శాసనసభ్యుడైతే ఆయనే సభా నాయకుడు. చీఫ్ విప్, విప్‌ల పని తమవాళ్లను సభలో ఉంచడం, ఓటింగు వేళ చెయ్యి జారకుండా చూసుకోవడం. పార్టీ విప్ (ఇలా ఓటేయాలన్న ఆదేశం) జారీ చేశాక దానికి వ్యతిరేకంగా ఓటేస్తే సభ్యత్వానికే ముప్పు. ప్రతిపక్ష నాయకుడి మాట రాజ్యాంగంలో లేదు. ఆ హోదా రాష్ట్ర చట్టంతో వచ్చింది, గుర్తింపు ఇవ్వాల్సింది స్పీకరు. 2024లో ప్రతిపక్షానికి 11 మందే ఉండటంతో పదో వంతు బలం ఉండాలా వద్దా అని పెద్ద వాదనే నడిచింది. సభ ఎన్ని రోజులు జరగాలి, ఏ రోజు ఏది చర్చకు రావాలి అన్నది బీఏసీ, అంటే సభా వ్యవహారాల సలహా సంఘం, స్పీకరు గదిలో కూర్చుని ఖరారు చేస్తుంది.

ఇదంతా పుస్తకంలోనూ ఉంటుంది. మీ రెండో ప్రశ్నకు జవాబు మాత్రం పుస్తకంలో దొరకదు.

సమావేశాలు మొదలవుతున్నాయంటే మా ఆఫీసులో ఒకటే టెన్షన్. ఎల్‌ఏక్యూ అంటారు, అసెంబ్లీ ప్రశ్నను. సభ్యుడు నోటీసు ఇస్తే శాసనసభ సచివాలయం దాన్ని చూస్తుంది, అనుమతించేది స్పీకరు. అక్కడి నుంచి సంబంధిత శాఖ సెక్రటరీకి, శాఖాధిపతికి, చీఫ్ ఇంజనీరుకు, ఆయన కింద వరుసగా ఎస్‌ఈ (సూపరింటెండింగ్ ఇంజనీరు)కి, ఈఈ (ఎగ్జిక్యూటివ్ ఇంజనీరు)కి, డీఈ (డిప్యూటీ ఇంజనీరు)కి, చివరికి ఏఈ (అసిస్టెంట్ ఇంజనీరు)కి దిగుతుంది. జవాబు అదే దారిలో పైకెక్కాలి. సాయంత్రం వచ్చిన ప్రశ్నకు పొద్దున్నే జవాబు కావాలంటారు. సెలవులన్నీ బంద్.

ఒకసారి వంశధార ఎడమ కాలువ శివారు గురించి ప్రశ్న వచ్చింది. గొట్టా బ్యారేజి దగ్గర వదిలిన నీరు టెక్కలి దాటి పలాస వైపు చివరి భూములకు చేరాలంటే ఎంత కష్టమో అక్కడి రైతులనడగండి. ప్రశ్న ఎప్పటి అచ్చులోనే ఉంది. "అ) శివారు ఆయకట్టుకు నీరు అందడం లేదన్న విషయం వాస్తవమేనా, ఆ) అయినచో, అందుకు కారణాలు, ఇ) తీసుకుంటున్న చర్యలు ఏవి?" దీనికి అందరికంటే సులువైన జవాబు ఏమిటో తెలుసా? అ) లేదండి. ఆ) ప్రశ్న ఉత్పన్నం కాదు. ఇ) ప్రశ్న ఉత్పన్నం కాదు. మూడు ముక్కల్లో ఫైలు మూసేయవచ్చు.

డ్రాఫ్టు అలాగే తయారై ఈఈ గారి టేబుల్ మీదికి వెళ్లింది. ఆయన సంతకం పెట్టలేదు. "నక్షత్రం గుర్తు చూశారా? రేపు మంత్రిగారు నిలబడి చదవాలి. ఎమ్మెల్యే లేచి ఫలానా ఊరి చెరువుకి చుక్క రాలేదంటే ఆయన ఏం చెప్తారు?" అన్నారు. రాత్రికి రాత్రి ఏఈని, లస్కరును (కాలువ కాపలా మనిషిని) బండి మీద కాలువ గట్టు వెంట పంపారు. ఎక్కడ షట్టరు విరిగింది, ఎక్కడ పూడిక పేరుకుంది, ఏ తూము దగ్గర గుర్రపుడెక్క అడ్డుపడింది, అన్నీ రాసుకొచ్చారు. తెల్లారేసరికి "కొంతమేరకు వాస్తవమేనండి" అని మొదలయ్యే జవాబు తయారైంది. దానికి తోడు నోట్ ఫర్ సప్లిమెంటరీస్ అని పేజీల కొద్దీ ఇంకో కాగితం. సభ్యుడు ఎదురు ప్రశ్న వేస్తే మంత్రిగారికి అక్కరకొచ్చేవి అందులో ఉంటాయి.

అసలు కీలకం ఆ నక్షత్రం గుర్తులోనే ఉంది. గుర్తు ఉన్న ప్రశ్నకు మంత్రి నోటితో జవాబు చెప్పాలి, ఉపప్రశ్నలు అడగవచ్చు. గుర్తు లేనిదానికి రాతపూర్వక జవాబుతో సరి. ఉపప్రశ్న వస్తుందేమో అన్న భయమే ఆ రాత్రి మా ఏఈని కాలువ గట్టు ఎక్కించింది. అందుకే ప్రశ్నోత్తరాల సమయం గొడవలో కొట్టుకుపోతే నాకు కడుపు మండుతుంది. అలాంటప్పుడు జవాబులు సభ ముందు ఉంచినట్టు ప్రకటించేస్తారు. కాగితం మీద జవాబు ఉంటుంది, ఎదురు ప్రశ్న ఉండదు. ఏ పార్టీ అధికారంలో ఉన్నా, ఎవరు పోడియం చుట్టుముట్టినా నష్టపోయేది శివారు రైతే. జనం ఆ గంటను పట్టించుకోకపోవడం, టీవీలు తిట్టుకునే ముక్కనే తిప్పి తిప్పి వేయడం నాకు చాలా బాధ కలిగిస్తుంది.

ఆ ప్రశ్న కథ సభలో అయిపోలేదు. మంత్రిగారు వేసవిలో పూడిక తీయిస్తామన్నారు. సభలో మంత్రి "చేస్తాం", "పరిశీలిస్తాం" అంటే అది హామీ కింద రికార్డుకెక్కుతుంది. ప్రభుత్వ హామీల కమిటీ అని ఒకటుంటుంది. దాని తరఫున శాఖకు, శాఖ నుంచి మాకు తాఖీదులు మొదలయ్యాయి: హామీ అమలు ఎంతవరకు వచ్చింది, నివేదిక పంపండి. పంపేదాకా వదలరు. ఆ పనికి ఖర్చు అంచనాలు అంతకుముందు కూడా వెళ్లాయి, వచ్చాయి, బీరువాలో పడి ఉన్నాయి. ఈసారి "అసెంబ్లీ హామీ" అని ఫైలు మీద ఎర్ర సిరాతో రాసి పంపేసరికి కొంత పనికి మంజూరు వచ్చింది. మొత్తం కాలువ బాగుపడిందని చెప్పను. షట్టర్లు మార్చారు, పూడిక సగం దూరం తీశారు. ఆ ఖరీఫ్‌లో కొన్ని పిల్లకాలువలకు నీరెక్కింది.

కాబట్టి కమిటీలను రెండు మార్కుల ప్రశ్నగా చూడకండి. ప్రజా పద్దుల కమిటీ కాగ్ (ప్రభుత్వ లెక్కలను తనిఖీ చేసే సంస్థ) నివేదికలను పట్టుకుని అధికారులను పిలిపించి అడుగుతుంది. మన దగ్గర అందులో శాసనసభ నుంచి 9 మంది, శాసన మండలి (ఎగువ సభ) నుంచి ముగ్గురు ఉంటారు. మంత్రులకు చోటు లేదు. అంచనాల కమిటీ, ప్రభుత్వ రంగ సంస్థల కమిటీ కూడా అలాంటివే. వినతుల కమిటీ, సభా హక్కుల కమిటీ, ఎస్సీ, ఎస్టీ సంక్షేమ కమిటీలు వేరే. ఇవి జిల్లాలకు వస్తాయి కూడా. కమిటీ వస్తోందంటే కలెక్టరేటు నుంచి కింది దాకా ఫైళ్లు దుమ్ము దులుపుకుంటాయి. అక్కడ కెమెరాలు తక్కువ, అందుకేనేమో పార్టీ పట్టింపు కూడా కాస్త తక్కువగానే ఉంటుంది. సభ్యులు వేసే ప్రశ్నలు కొన్నిసార్లు మా ఇంజనీర్లకే చెమటలు పట్టించేవి.

ప్రశ్న ఒక్కటే దారి కాదు. అత్యవసరమైతే మిగతా పని ఆపి ఆ విషయం చర్చించమని వాయిదా తీర్మానం ఇస్తారు, కానీ దాన్ని అనుమతించడం అరుదు. మంత్రి దృష్టికి తెచ్చే సావధాన తీర్మానం, సభా నియమాల్లో 344 కింద లఘు చర్చ, ముందస్తు నోటీసు పెద్దగా లేకుండా సమస్య ప్రస్తావించే జీరో అవర్ ఉన్నాయి. జీరో అవర్‌లో లేచి మన ఊరి పేరు చెప్తే మరునాడు పేపర్లో వస్తుంది గానీ, నా అనుభవంలో కాగితం కదిలించే బలం నక్షత్రం ప్రశ్నకే ఎక్కువ. అందుకే మీ ఊళ్లో సమస్య ఉంటే ఎమ్మెల్యే గారికి ఉత్త వినతిపత్రం ఇచ్చి ఊరుకోకండి. సమావేశాలకు బాగా ముందే వెళ్లి, తూము పేరు, గ్రామం, మండలం, ఎన్ని ఎకరాలు, ఏ సంవత్సరం నుంచి అన్నీ రాసిచ్చి ప్రశ్న వేయమని అడగండి. వివరం ఎంత గట్టిగా ఉంటే "ఉత్పన్నం కాదు" అని తప్పించుకోవడం అంత కష్టం.

బడ్జెట్టు సంగతి క్లుప్తంగా చెప్పేస్తాను. వార్షిక ఆర్థిక నివేదిక పెట్టాక శాఖలవారీ పద్దుల మీద చర్చ, పద్దు తగ్గించమనే కోత తీర్మానాలు, ఓటింగు, తర్వాత ఖజానా నుంచి ఖర్చుకు అనుమతించే ద్రవ్య వినిమయ బిల్లు. అది పాసైతే తప్ప ఖజానా నుంచి పైసా తీయకూడదు. ఎక్కువసార్లు మూజువాణి ఓటుతోనే, అంటే అవును, కాదు అని నోటితో చెప్పడంతోనే అయిపోతుంది. ఎవరైనా డివిజన్ అడిగితే ఓట్లు లెక్కిస్తారు. ద్రవ్య బిల్లును మండలి 14 రోజులకు మించి ఆపలేదు. మామూలు బిల్లునైతే మొదట మూడు నెలలు, రెండోసారి ఒక నెల. ఆ తర్వాత శాసనసభ మాటే చెల్లుతుంది.

ఇక మీ మూడో ప్రశ్న. సభ రద్దయినా స్పీకరు పదవి పోదు. 179వ అధికరణ ప్రకారం కొత్త సభ మొదటిసారి కూర్చునే ముందు క్షణం వరకు పాత స్పీకరే ఉంటారు. అప్పుడు ఖాళీ అయిన కుర్చీలో గవర్నరు నియమించిన ప్రొటెం స్పీకరు కూర్చుని కొత్తవాళ్ల చేత ప్రమాణం చేయిస్తారు. 2019 జూన్‌లో ఆ పని చేసింది మన బొబ్బిలి ఎమ్మెల్యే శంబంగి వెంకట చిన అప్పలనాయుడు. 13వ తేదీన ఆముదాలవలస నుంచి గెలిచిన తమ్మినేని సీతారాం స్పీకరుగా బాధ్యతలు తీసుకున్నారు.