బిల్లు చేతికొచ్చాక కోపం ఎవరి మీద?

ప్రశ్న: నాన్నగారికి ఆపరేషన్ అయిన దగ్గర్నుంచి ఇంట్లో ఒకటే వాదన. వైద్యం ఖర్చులు ఇంతగా పెరగడానికి డాక్టర్లే కారణమని అన్నయ్య అంటాడు. మందుల కంపెనీలని మావారు, ఇన్సూరెన్సు వాళ్లని అమ్మ. ఇంతకీ తప్పెవరిదండీ?

జవాబు: అమ్మా, నేను ఆసుపత్రి బిల్లింగ్ కౌంటర్లో 19 ఏళ్లు కూర్చున్నాను. ఎదురుగా కనిపించేది డాక్టరు కాబట్టి జనం ఆయన్ని తిట్టేవారు. కాగితం చేతికిచ్చేది నేను కాబట్టి నన్నూ తిట్టేవారు. ధరలు వేసినవాళ్లు మాత్రం ఆ హాల్లోకి ఒక్కరోజూ రాలేదు.

ఒక సాయంత్రం ఒకాయన బిల్లులో గ్లౌజుల లైను చుట్టూ పెన్నుతో సున్నా చుట్టి, "ఇన్ని జతలు ఎవరు వేసుకున్నారమ్మా?" అని అడిగారు. వార్డుకి ఫోన్ చేశాను. సీలు విప్పని పెట్టె కూడా ఆయన ఖాతాలోనే రాసేశారు. వెంటనే తీసేశాం. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. అడగకుండా కట్టి వెళ్లినవాళ్లు ఎందరో కదా!

వైద్యం మామూలు సరుకు లాంటిది కాదని ఆర్థికవేత్త కెన్నెత్ ఆరో 1963లోనే రాశారు. మనకేం కావాలో మనకు తెలియదు, అది చెప్పాల్సింది వైద్యం చేసేవాళ్లే. స్ట్రెచర్ మీద పడుకుని ఎవరు బేరమాడతారు? అందుకే నా కోపమంతా ధరను ముందుగా చెప్పకుండా దాచేవాళ్ల మీద. ఆసుపత్రి యాజమాన్యాలు, ఇన్సూరెన్సు కంపెనీలు తలుపులు మూసుకుని రేట్లు మాట్లాడుకుంటాయి. చూస్తూ ఊరుకునే ప్రభుత్వాలకీ అందులో వాటా ఉంది.

మీవారి మాటా నిజమే. ఇన్సులిన్ కనిపెట్టినవాళ్లు 1923లో పేటెంటును తలా ఒక్క డాలరుకు టొరంటో విశ్వవిద్యాలయానికి ఇచ్చేశారు. అది అందరికీ అందాలన్నదే వాళ్ల ఆశ. వందేళ్లయినా అది కొనలేక డోసు తగ్గించుకునేవాళ్లున్నారంటే కడుపు తరుక్కుపోతుంది.

అన్నయ్యతో మాత్రం పూర్తిగా ఏకీభవించలేను. అవసరం లేని పరీక్షలు రాసే డాక్టర్లు ఉన్నారు, కాదనను. కానీ బిల్లులో డాక్టరు ఫీజు ఏ లైనులో ఉందో, దాని కింద ఇంకెన్ని లైన్లున్నాయో ఒకసారి లెక్కపెట్టమనండి. మనిషి ఆయుష్షు పెరిగింది, కొత్త యంత్రాలొచ్చాయి. ఆ ఖర్చును నేను తప్పనను.

నాన్నగారి ఫైలు దగ్గరుంటే, మొత్తం అంకె ఒక్కటే ఉన్న బిల్లుతో సరిపెట్టుకోకండి. ఏ వస్తువుకి ఎంతో విడివిడిగా రాసిచ్చే బిల్లు అడగండి. గది అద్దె ఎన్ని రోజులకు వేశారో చూడండి. వాడకుండా వాపసు చేసిన మందులు అందులో తగ్గాయో లేదో కూడా చూడండి. అక్కడే ఎక్కువగా మర్చిపోతారు.