రెండు కనిపిస్తాయని ముందే చెప్పకు

చిట్టితల్లీ,

వేసవి శిబిరం పిల్లలకు బడి మిద్దె మీద ఆల్ఫా సెంటారీ నక్షత్రాన్ని చూపించబోతున్నావని మీ నాన్న ఫోనులో చెప్పాడు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. సగం సంతోషం, సగం దిగులు.

మే నెలాఖరున రాత్రి పది దాటాక చూడు. దక్షిణాన, చేయి చాచి పట్టిన పిడికిలికి ఒకటిన్నర రెట్ల ఎత్తున ఉంటుంది, అంతకు మించి ఎక్కదు. తిరుపతికి కొండ ఉత్తరాన ఉంది కనుక దక్షిణం తెరిపే. మంచినీళ్లు మరిచిపోకు. పిట్టగోడ దగ్గరికి ఒక్క బిడ్డనూ పోనివ్వకు. పైకి చూస్తూ నడిచే పిల్లలకు కాళ్ల కింద ఏముందో తెలియదమ్మా.

అసలు చెప్పవలసింది వేరే. 1987 వేసవి. హేలీ తోకచుక్క వచ్చిపోయి ఏడాదయింది. చిత్తూరు పక్క పల్లె బడిలో నేను సైన్సు మాస్టారిని. అరువు తెచ్చిన చిన్న టెలిస్కోపు బిగించి పిల్లలకు కథ చెప్పాను. 1689 డిసెంబరులో పుదుచ్చేరిలో రిషో అనే ఫ్రెంచి పాదిరీ ఒక తోకచుక్కను గమనిస్తూ, కంటికి ఒక్కటిగా కనిపించే ఈ చుక్క నిజానికి రెండని కనిపెట్టాడనీ, ఆ రెండూ ఒకదాని చుట్టూ ఒకటి తిరిగి రావడానికి దాదాపు 80 ఏళ్లు పడుతుందనీ చెప్పి, "చూడండి, రెండు కనిపిస్తాయి" అన్నాను. వరుసలో వచ్చిన ప్రతి ఒక్కరూ "రెండు సార్" అన్నారు. ఏడో తరగతి పాప ఒకతె మాత్రం చాలాసేపు చూసి "ఒకటే ఉంది సార్" అంది. సరిగ్గా చూడమని గద్దించాను. తన కంటిలోనే ఏదో ఉందనుకుని పావడా అంచుతో తుడుచుకుని మళ్లీ చూసింది. ఒకటే అంది. పక్కకు జరగమన్నాను.

అందరూ వెళ్లాక కన్ను పెట్టి చూస్తే ఒకటే! నేను గురి పెట్టింది దాని పక్కన కుడివైపున, శిలువలా కనిపించే త్రిశంకు చుక్కలకు దగ్గరగా ఉండే బీటా సెంటారీ అనే వేరే నక్షత్రానికి. చిన్న టెలిస్కోపులో అది ఒక్కటిగానే ఉంటుంది. ఎడమవైపున పసుపు ఛాయతో ఉన్నది మనకు కావలసినది.

జూన్‌లో బడి తెరిచాక తరగతిలో తప్పు ఒప్పుకున్నాను. ఆ పాప తలెత్తలేదు. ఆ ఏడంతా ఏ ప్రశ్న అడిగినా, పక్కవాళ్ల జవాబు విన్న తరువాతే నోరు విప్పేది. ఆ తలవంపు నాకు ఇప్పటికీ పోలేదు.

రిషోకు రెండు కనిపిస్తాయని ఎవరూ ముందుగా చెప్పలేదు. నువ్వూ చెప్పకు. "ఏం కనిపించింది?" అని అడిగి ఊరుకో. ఒకటే అన్న బిడ్డ ఉంటే, ఆ బిడ్డను దిద్దే ముందు నువ్వు చూడు. చిన్నప్పుడు మా మిద్దె మీద వసిష్ఠుడి పక్కన అరుంధతిని నాకంటే ముందు చూసినదానివి నువ్వు. నీ కళ్ల మీద నాకు నమ్మకం ఉంది, నీ తొందర మీదే భయం.

మబ్బు పడితే విసుక్కోకు, మర్నాడు పిలువు. ఎవరు ఏమన్నారో వాళ్ల మాటల్లోనే రాసి నాకు పంపు. ఒకటే అన్నవాళ్లవి కూడా.

ఆశీస్సులతో,
మీ పెదనాన్న