వంటింటి ప్రశ్నలు: అనపగింజల కూర, ఉడకని అలసందలు

చలికాలం కావడంతో ఈసారి బెంగళూరు పాఠకులు రాసిన ఉత్తరాలలో చాలావరకు గింజల వంటకాల గురించే ఉన్నాయి. ఒకే సందేహాన్ని పలువురు అడిగిన చోట ఒక ఉత్తరాన్ని మాత్రమే ఎంచుకుని జవాబు ఇస్తున్నాను.

ప్రశ్న: మాది తెనాలి దగ్గర పల్లె. పెళ్లయ్యాక మూడేళ్లుగా మారతహళ్ళిలో ఉంటున్నాము. మా పక్కింటి పిన్నిగారిది మదనపల్లె. చలి మొదలైతే చాలు, వారింట్లో రాత్రిపూట అనపగింజల కూర, రాగి సంగటి చేసుకుంటారు. మా వైపు ఆనపకాయ అంటే సొరకాయ కాబట్టి, సొరగింజలతో కూర ఎలా చేస్తారా అని మొదట ఆశ్చర్యపోయాను. మొన్న ఒక గిన్నె నిండా పంపిస్తే మావారూ, అయిదేళ్ల మా పాపా ఇష్టంగా తిన్నారు. ఉద్యోగం నుంచి ఏడింటికి ఇంటికి చేరేదాన్ని. రాత్రి భోజనానికి కారం తక్కువగా, సులువుగా ఈ కూర చేసుకునే పద్ధతి చెప్పగలరా?

జవాబు: మీరు పడిన పొరపాటు చాలామంది పడేదే. కోస్తా జిల్లాలవారి ఆనపకాయ తీగకు కాసే సొరకాయ. రాయలసీమవారి అనపకాయ చిక్కుడు జాతికి చెందినది. దాని శాస్త్రీయ నామం లాబ్లాబ్ పర్పూరియస్. కన్నడిగులు అవరెకాయ అంటారు. ఒక్క దీర్ఘం తేడాతో రెండు వేర్వేరు కాయలైపోయాయి కాబట్టి, బజారులో అవరెకాయ అని అడిగితే ఏ సందేహమూ ఉండదు.

ఈ ఊరికీ గింజలకూ ఉన్న బంధం పేరులోనే ఉందని ఇక్కడివారు ఒక కథ చెబుతారు. హొయసల రాజు వీరబల్లాళుడు వేటలో దారి తప్పి, ఆకలితో అలసిపోయి వస్తే ఒక ముసలమ్మ ఉడికించిన గింజలు పెట్టిందట, అందుకే ఈ చోటు బెందకాళూరు అయిందట. బెంద కాళు అంటే ఉడికిన గింజలు. వీరబల్లాళుడి కాలానికి దాదాపు మూడు వందల ఏళ్ల ముందే, క్రీ.శ. 890 ప్రాంతానికి చెందిన బేగూరు శాసనంలో బెంగళూరు అనే పేరు కనిపిస్తుంది కాబట్టి ఈ కథను చరిత్రగా తీసుకోవడానికి లేదు. అయినా అలసి ఇంటికి చేరిన మనిషికి వేడివేడిగా ఉడికిన గింజలు పెట్టడమనే ఊహ నాకు ఎంతో ఇష్టం. మీరు అడుగుతున్నదీ అదే కదా.

ముందుగా కాయల సంగతి చెబుతాను. సంప్రదాయ అనప రకాలు పగటి పొద్దు తగ్గాకే పూతకు వస్తాయి కాబట్టి డిసెంబరు నుంచి ఫిబ్రవరి వరకే మంచి కాయ దొరుకుతుంది. బెంగళూరు వ్యవసాయ విశ్వవిద్యాలయం పగటి నిడివితో సంబంధం లేకుండా కాసే హెబ్బాళ అవరె రకాలను తయారుచేసింది. ఏ నెలలోనైనా కాయ కనబడటానికి అవే కారణం. కూరకు పనికివస్తాయి గానీ, చలికాలపు కాయకుండే ఘాటైన వాసన వాటికి ఉండదు. కన్నడిగులు సొగడు అనే ఆ వాసన కాయ పైతొక్కకు అంటుకుని ఉండే జిడ్డులో ఉంటుంది. కాయను వేళ్లతో రుద్ది వాసన చూడండి. చేతికి జిడ్డుగా తగిలి, వాసన ఘాటుగా వస్తే నిస్సంకోచంగా కొనండి. కాయ మీద చిన్న రంధ్రం కనిపిస్తే లోపల పురుగు ఉంటుంది. జనవరిలో వీలు చేసుకుని వి.వి.పురం సజ్జన్‌రావు సర్కిల్ వైపు వెళ్లారంటే అనపగింజలతో దోసె మొదలు జిలేబీ దాకా చేసి అమ్మేవారు కనిపిస్తారు. అవరె మేళా మొదలైంది ఆ వీధుల్లోనే.

ఏడింటికి ఇంటికి వచ్చి కాయలు వలవడం మీ వల్ల కాదు. ఆదివారం మధ్యాహ్నం అందరూ కూర్చుని రెండు కిలోల కాయలు వలుచుకోండి. ఒక పూటకు సరిపడా గింజలను ఫ్రిజ్‌లో ఉంచి, మిగిలినవాటిని మరిగే నీటిలో రెండు నిమిషాలు వేసి తీసి, వెంటనే చల్లటి నీటిలో ముంచి, పూర్తిగా ఆరాక పొట్లాలుగా కట్టి ఫ్రీజర్‌లో పెట్టుకుంటే సీజను అయిపోయాక కూడా వాడుకోవచ్చు. మీ పాప చేత కూడా వలిపించండి. తన చేత్తో వలిచిన గింజను పిల్లలు కంచంలో వదిలిపెట్టరు.

నలుగురికి రెండు గ్లాసుల పచ్చి గింజలు సరిపోతాయి. గింజలు మునిగేటన్ని నీళ్లు పోసి, చిటికెడు పసుపు, కొద్దిగా ఉప్పు వేసి కుక్కర్‌లో రెండు కూతలు రానివ్వండి. గిన్నెలోనైతే ఇరవై, ఇరవైఅయిదు నిమిషాలు పడుతుంది. అది ఉడికేలోగా రెండు చెంచాల ధనియాలు, ఒక చెంచా గసగసాలు, మూడు ఎండుమిరపకాయలు, రెండు లవంగాలు, చిన్న దాల్చినచెక్క ముక్క సన్నని సెగ మీద వేయించండి. వాటితో పాటు నాలుగు చెంచాల పచ్చికొబ్బరి, అంగుళం అల్లం, ఆరు వెల్లుల్లి రెబ్బలు వేసి మెత్తగా నూరుకోండి. రెండు చెంచాల నూనెలో ఆవాలు, జీలకర్ర, కరివేపాకు తాలింపు పెట్టి, సన్నగా తరిగిన ఉల్లిపాయ ఎర్రబడ్డాక ఈ ముద్ద వేసి, నూనె తేలేవరకు ఓపికగా వేయించండి. తర్వాత గింజలను ఉడికిన నీటితో సహా పోయండి. రుచంతా ఆ నీటిలోనే ఉంటుంది కాబట్టి ఒక్క చుక్క కూడా పారబోయకండి. పది నిమిషాలు సన్నని సెగ మీద ఉడకనిచ్చి, ఒక గరిటెడు గింజలను గిన్నె అంచుకు అదిమి మెదిపితే పులుసు తనంతట తానే చిక్కబడుతుంది. కారం ఎక్కువనిపిస్తే మిరపకాయ ఒకటి తగ్గించండి గానీ ధనియాలూ కొబ్బరీ తగ్గించకండి. పులుపు కావాలంటే ఉసిరికాయంత చింతపండు రసాన్ని గింజ పూర్తిగా మెత్తబడ్డాకే పోయాలి. ఈ కూరలో చెడిపోయే చోటు ఇదొక్కటే. ముందుగా పోస్తే ఎంతసేపు ఉడికించినా గింజ బిరుసుగానే ఉండిపోతుంది.

తీరిక ఉన్న రోజున పితికిపప్పు చేసి చూడండి. వలిచిన గింజలను నాలుగైదు గంటలు నానబెట్టి, ఒక్కొక్క గింజను బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పితికితే పైతోలు చేతిలో ఉండిపోయి లోపలి పప్పు జారి గిన్నెలో పడుతుంది. కన్నడిగుల హితికిద బేళె కూడా ఇదే. తోలు లేని పప్పు కుక్కర్‌లో పెడితే ముద్దైపోతుంది కాబట్టి, పైన చెప్పిన మసాలాలోనే వేసి నీళ్లు పోసి మూత పెడితే పావుగంటలో వెన్నలా ఉడుకుతుంది. మా ఇంట్లో ఈ పితికే పని మా అత్తగారిది. ఆవిడ పోయాక మొదటిసారి నేను ఒక్కదాన్నే కూర్చుని పితికిన రోజు, ఇంతమందికి ఇన్నేళ్లు ఆవిడ ఎంత పని చేసిపెట్టిందో నాకు అర్థమైంది. ఆ పనిని ఇంట్లో ఒక్కరి మీదే వదిలేయకండి.

అన్నంలోకీ, చపాతీలోకీ ఈ కూర బాగుంటుంది గానీ దానికి సరైన జోడు రాగి సంగటే. ధాన్యాలలో కొరవడే లైసిన్ అనే అమైనో ఆమ్లం గింజలలో పుష్కలంగా ఉంటుంది. గింజలలో తక్కువగా ఉండే మెథియోనిన్‌ను ధాన్యం అందిస్తుంది. ఒకదాని లోటును మరొకటి పూరిస్తుంది కాబట్టి ఈ భోజనంతో పాటు వేరే పప్పు వండాల్సిన అవసరం లేదు.

ఒక్క జాగ్రత్త చెప్పాలి. ఎండు అనపగింజలను పచ్చివాటిలా వండకూడదు. వాటిలో సైనైడును విడుదల చేసే పదార్థాలు కొంత ఉంటాయి. ముదురు రంగు గింజలలో అవి మరింత ఎక్కువ. రాత్రంతా నానబెట్టి, ఆ నీళ్లు పారబోసి, కొత్త నీటిలో బాగా మరిగించి, ఆ నీటిని కూడా వంచేసి వాడుకోవాలి. పచ్చి గింజల నీటిని దాచుకోమన్నాను, ఎండు గింజల నీటిని పారబోయమంటున్నాను. ఈ రెండింటినీ కలగాపులగం చేసుకోకండి.

ప్రశ్న: అనంతపురంలో అమ్మ దగ్గర అరగంటలో ఉడికే అలసందలు, ఇక్కడ మా అపార్ట్‌మెంటులో గంట ఉడికించినా గట్టిగానే ఉంటున్నాయి. మాకు వచ్చేది బోరు నీళ్లు. తప్పు గింజలదా, నీళ్లదా, నాదా? (వైట్‌ఫీల్డ్ పాఠకురాలు)

జవాబు: మీ తప్పు ఏమీ లేదు. మొదట అనుమానించాల్సింది నీళ్లనే. బోరు నీటిలో కాల్షియం, మెగ్నీషియం ఎక్కువగా ఉంటాయి. గింజ గోడలను అతికించి ఉంచే పెక్టిన్ అనే పదార్థాన్ని ఇవి మరింత బిగిస్తాయి. ఆ పెక్టిన్ కరిగితేనే గింజ మెత్తబడుతుంది కాబట్టి, కఠిన జలంలో ఎంత మంట పెట్టినా ప్రయోజనం ఉండదు. మీరు తాగడానికి వాడే శుద్ధి చేసిన నీటితోనే నానబెట్టి, ఆ నీటితోనే ఉడికించి చూడండి. చాలా ఇళ్లలో ఈ ఒక్క మార్పుతోనే సమస్య తీరిపోతుంది.

ఉప్పు వేస్తే గింజ ఉడకదని మన పెద్దలు చెబుతూ వచ్చారు. వారి మీద గౌరవంతోనే ఈ ఒక్క మాటను కాదంటున్నాను. లీటరు నీటికి ఒక పెద్ద చెంచా ఉప్పు కలిపి గింజలను రాత్రంతా నానబెడితే, ఉప్పులోని సోడియం గింజ తోలులోని కాల్షియం స్థానంలోకి చేరి తోలు మెత్తబడుతుంది. పొద్దున ఆ నీరు వంచేసి కడిగి వండుకోవాలి. మెత్తబడకుండా అడ్డుపడేది ఉప్పు కాదు, పులుపు. చింతపండు, టమాటా, పెరుగు, ఏదైనా సరే గింజ ఉడికాకే పడాలి.

ఇక ఊరి ఎత్తు సంగతి. బెంగళూరు సముద్ర మట్టానికి 900 మీటర్లకు పైగా ఎత్తున ఉంది. ఇక్కడ నీరు 100 డిగ్రీలకు కాకుండా సుమారు 97 డిగ్రీలకే మరుగుతుంది. అనంతపురం ఇంత ఎత్తున లేదు. మూత లేని గిన్నెలో ఆ కొద్ది డిగ్రీల తేడాకే ఎక్కువ సమయం పడుతుంది. కుక్కర్‌లో ఆవిరి ఒత్తిడి వల్ల వేడి 115 డిగ్రీలు దాటుతుంది కాబట్టి ఎత్తు ప్రభావం అక్కడ పెద్దగా తెలియదు.

ఇవన్నీ చేసినా ఉడకకపోతే గింజ పాతదని అర్థం. వేడిగా, తేమగా ఉన్న చోట నెలల తరబడి నిల్వ ఉన్న గింజ లోపల గట్టిపడిపోతుంది. దాన్ని నానబెట్టి బాగుచేయలేము. వంట సోడా చిటికెడు వేస్తే మెత్తబడేమాట నిజమే గానీ, థయమిన్ అనే బి విటమిన్ నశిస్తుంది, రుచి సబ్బులా మారుతుంది. ఇంటిల్లిపాదీ తినే కూరలో నేనైతే వేయను. దుకాణం మార్చి, తక్కువ తక్కువగా కొనండి.

ప్రశ్న: మామగారికి డెబ్బై దాటాయి. గింజల కూరంటే ప్రాణమే గానీ రాత్రి తింటే కడుపు ఉబ్బరంతో నిద్రపట్టదు. పూర్తిగా మాన్పించాలా? (మల్లేశ్వరం పాఠకురాలు)

జవాబు: మాన్పించనక్కరలేదు. గింజలలోని రాఫినోజ్, స్టాకియోజ్ అనే చక్కెరలను మన చిన్నపేగు అరిగించుకోలేదు. అవి పెద్దపేగుకు చేరాక అక్కడి సూక్ష్మజీవులు వాటిని పులియబెట్టడంతో వాయువు పుడుతుంది. ఎండు గింజలను నానబెట్టిన నీటిని పారబోస్తే ఆ చక్కెరలు కొంతవరకు తగ్గుతాయి. ఆయనకు తోలు తీసిన పితికిపప్పును బాగా మెదిపి, మొదట చిన్న గరిటెడే వడ్డించండి. వారానికి ఒకసారితో మొదలుపెట్టి మెల్లగా పెంచితే చాలామందికి అలవాటవుతుంది. తాలింపులో ఇంగువ వేయండి. రాత్రి భోజనం ఏడు, ఏడున్నరకే పెట్టేయండి. ఆయనకు మూత్రపిండాల జబ్బు ఉంటే మాత్రం గింజలలోని పొటాషియం దృష్ట్యా వైద్యుణ్ణి అడిగాకే పెట్టాలి.

ప్రశ్న: అమెరికా నుంచి మా అమ్మాయి స్లో కుక్కర్ తెచ్చింది. పొద్దున రాజ్మా వేసి వెళ్తే సాయంత్రానికి కూర సిద్ధమవుతుందని అంటోంది. నమ్మవచ్చా? (జయనగర్ పాఠకుడు)

జవాబు: ఈ ఒక్క విషయంలో మీ అమ్మాయిని ఆపండి. పచ్చి రాజ్మాలో ఫైటోహీమాగ్లుటినిన్ అనే విష పదార్థం ఉంటుంది. నాలుగైదు పచ్చి గింజలు తిన్నా కొన్ని గంటలలోనే తీవ్రమైన వాంతులు, విరేచనాలు పట్టుకుంటాయి. సెగ తక్కువగా ఉండే స్లో కుక్కర్‌లో వేడి మరిగే స్థాయికి చేరకపోవచ్చు. అలా సగం ఉడికిన గింజ పచ్చి గింజ కన్నా ఎక్కువ హాని చేయగలదు. పైకి మెత్తగా కనిపించినంత మాత్రాన విషం పోయిందని అనుకోకూడదు. రాజ్మాను కనీసం అయిదు గంటలు నానబెట్టి, ఆ నీరు పారబోసి, కొత్త నీటిలో అరగంట పాటు తెర్లుతూ మరిగించాలి. లేదా మామూలు ప్రెషర్ కుక్కర్‌లో పూర్తిగా ఉడికించాలి. ఆ తర్వాత మసాలాతో కలిపి స్లో కుక్కర్‌లో ఎంతసేపు ఉంచినా ఇబ్బంది లేదు. ఈ సంగతి కుక్కర్ మూత మీద ఒక కాగితం అంటించి రాసిపెట్టండి, ఇంట్లో వంట చేసే ప్రతి ఒక్కరికీ కనబడేలా.